డ్రోన్ చిరునామా

2013లో ఢిల్లీ ఆర్.కె.పురం పోలీస్ స్టేషన్‌కు ఒక ఫిర్యాదు వచ్చింది. ఇచ్చింది సర్వే ఆఫ్ ఇండియా. ఎవరి మీదంటే గూగుల్ మీద. ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో గూగుల్ ‘మ్యాపథాన్’ పేరుతో ఒక పోటీ పెట్టింది. మీ పేటలో ఆస్పత్రులెక్కడ, హోటళ్ళెక్కడ అన్నది పటం మీద గుర్తుపెట్టండి, బాగా పెట్టినవాళ్ళకు బహుమతులిస్తాం అంది. జనం ఉత్సాహంగా పెట్టారు. ఆ ఊపులో రక్షణ శాఖ స్థలాలు కూడా పటమెక్కాయనీ, ముందస్తు అనుమతి లేకుండా ఇలాంటి పని చేయించడం దేశ భద్రతకు ముప్పనీ సర్వే ఆఫ్ ఇండియా అభ్యంతరం. 2014లో సీబీఐ ప్రాథమిక విచారణ మొదలుపెట్టింది. 1767లో పుట్టిన సంస్థ, అప్పటికి పదిహేనేళ్ళ వయసున్న కంపెనీ మీద పోలీసులతో మొరపెట్టుకోవాల్సి వచ్చింది.

ఫిర్యాదు ఆ స్టేషన్‌కే వెళ్ళడంలో వింతేమీ లేదు. సర్వే ఆఫ్ ఇండియా వారి వైమానిక సర్వే డైరెక్టరేట్ ఆర్.కె.పురం వెస్ట్ బ్లాక్‌లోనే ఉంది. దేశంలో విమానం నుంచి తీసిన భూమి ఫొటోలకు దశాబ్దాల పాటు అదే ఖజానా. ఏ ఫొటో ఎవరికి ఇవ్వవచ్చు, ఏది బీరువాలోనే ఉండాలి అన్న లెక్కలన్నీ అక్కడివే. ఢిల్లీ తెలుగువాళ్ళకు ఆ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ధౌలా కువాఁలో, కూతవేటు దూరంలో ఉంది. అక్కడి మెట్రో స్టేషన్‌కు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లు, వాటి మధ్య ఈస్ట్ బ్లాక్, వెస్ట్ బ్లాక్ అనే ఆఫీసు భవనాలు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉండే ఆ భవనాల్లో ఒకదానికి, ఈస్ట్ బ్లాక్-5కు, ఇంకో ప్రత్యేకత ఉంది. చైనా యుద్ధం తర్వాత 1963లో పుట్టిన ఏవియేషన్ రీసెర్చ్ సెంటర్, అంటే గూఢచార విభాగం కోసం ఆకాశం నుంచి ఫొటోలు తీసే సంస్థ, తన చిరునామాగా రాసుకున్నది దాన్నే. ఈ రహస్యం బయటపెట్టింది శత్రువుల గూఢచారి కాదు. ఆ సంస్థే. ఉద్యోగాలు పడినప్పుడల్లా దరఖాస్తులు పంపాల్సిన చిరునామాను ప్రకటనలో బ్లాకు నంబరుతో, పిన్ కోడ్‌తో అచ్చేయించేది.

ఎంత రహస్య యంత్రాంగమైనా మనుషుల్ని పెట్టుకోవాలి, సరుకు కొనాలి, తయారుచేసింది అమ్మాలి, అమ్మడానికి గొప్పలు చెప్పుకోవాలి. ఈ పనుల్లో ఎక్కడో ఒకచోట చిరునామా జారిపడుతుంది. ఇవాళ సైనిక డ్రోన్లు ఎవరు చేస్తున్నారు, ఎక్కడ చేస్తున్నారు, ఎవరికి పంపుతున్నారు అని అందరికీ అందే ఫొటోలు, వీడియోలు, ఉపగ్రహ చిత్రాలు పట్టుకుని వెతికేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ళ పని గురించి రాసేవాళ్ళు ఉపగ్రహాన్నే హీరోను చేస్తారు. రెండు శతాబ్దాల చరిత్ర తిరగేస్తే నాకు అలా అనిపించదు. ఆకాశంలోని కన్ను చాలాసార్లు సాక్షి మాత్రమే. ఆచూకీ చెప్పేది నేల మీది మనుషులు, ముఖ్యంగా తయారీదారు.

మన వైపు నుంచే మొదలుపెడదాం. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ గొలుసులతో, కోణాలతో కొలతలు తీయగలడు కానీ, కొలిచిన ఊరి కథ ఆయనకు తెలియదు. అది తెచ్చిపెట్టింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. కరణాల దగ్గర కూర్చుని, గుడి శాసనాలు చదివి, ఊరి పెద్దల నోటి మాట రాసుకుని కైఫీయత్తులు కూర్చారు. కోట ఎక్కడుందో పటం చెబుతుంది. దాన్ని ఎవరు కట్టారు, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది, శిస్తు ఎవరికి వెళుతోంది అన్నవి కైఫీయత్తు చెబుతుంది. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. దొరకు పేరొచ్చింది. పటం, కైఫీయత్తు కలిస్తేనే కుంపిణీకి పనికొచ్చే సమాచారం అయ్యేదని మాత్రం ఆ కట్టలు చూసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. ఆ తర్వాత వందేళ్ళ పైచిలుకు పటం అంటే సైన్యం సొత్తు. స్వతంత్రం వచ్చాక కూడా సరిహద్దు, తీర ప్రాంతాల టోపో షీట్లు నిషిద్ధ జాబితాలోనే ఉండిపోయాయి. తెల్లవాడు తాళం వేసి వెళ్ళాడు, మనం తాళంచెవి జాగ్రత్తగా దాచుకున్నాం.

జనం దగ్గరున్న మామూలు ఫొటోలు యుద్ధానికి పనికొస్తాయని గట్టిగా తెలిసింది రెండో ప్రపంచ యుద్ధంలో. 1942లో బీబీసీ రేడియోలో ఒక విజ్ఞప్తి వచ్చింది. ఫ్రాన్స్ తీరానికి సెలవులకు వెళ్ళినప్పుడు తీసుకున్న ఫొటోలు, కొన్న పోస్టుకార్డులు ఉంటే పంపండని. లక్షల్లో వచ్చాయి. ఇసుకలో ఆడుకుంటున్న పిల్లల వెనక సముద్రపు గోడ ఎంత ఎత్తుందో, తీరం ఎంత వాలుగా ఉందో, బండి ఎక్కే దారి ఎటుందో వాటిలో చూసి సేనల్ని దించాల్సిన చోట్లు అంచనా వేశారు. ఇప్పటి పరిశోధకులు ఇన్‌స్టాగ్రామ్‌లో చేసే పని సరిగ్గా ఇదే.

అదే యుద్ధంలో ఇంగ్లండ్‌లోని మెడ్మెన్‌హామ్ బంగళాలో వైమానిక ఫొటోలు చదివేవాళ్ళు పగలూ రాత్రీ భూతద్దాలు పట్టుకుని కూర్చునేవారు. 1943 చివర్లో కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ అనే యువతి, జర్మనీ బాల్టిక్ తీరంలోని పీనెముండే ఫొటోలో ఒక వాలు పట్టా మీద చీమంత విమానాన్ని గుర్తుపట్టింది. అది వీ-1, పైలట్ లేకుండా ఎగిరి వెళ్ళి పడే బాంబు. ఇవాళ్టి ఒకవైపు ప్రయాణపు డ్రోన్లకు తాత. అయితే ఆమెకు ఏం వెతకాలో ముందే కొంత చెప్పారు. రహస్య ఆయుధం ఉందన్న కబురు నేల మీది మనుషుల ద్వారా అప్పటికే లండన్ చేరింది. ఇంకో సంగతి. వీ-1ను రూపొందించింది ఫీజెలర్ కంపెనీ. తయారైన చోట్లలో ఫోక్స్‌వ్యాగన్ కార్ల ఫ్యాక్టరీ ఒకటి. ప్రయోగించే పట్టాను ఆకాశం నుంచి పట్టుకోవచ్చు. కార్ల ఫ్యాక్టరీ కప్పు కింద ఏం జరుగుతోందో ఎలా పట్టుకుంటారు? ఎనభై ఏళ్ళ తర్వాత కూడా ప్రశ్న అలాగే ఉంది.

ప్రచ్ఛన్న యుద్ధ కాలం గురించి ఎక్కువ చెప్పను. అదంతా తలుపులు మూసుకుని నడిచిన వ్యవహారం. 1962 దెబ్బ తర్వాత నెహ్రూ ఒడిశాలోని చార్బతియా విమానాశ్రయాన్ని అమెరికా యూ-2 గూఢచార విమానాలకు వాడుకోనిచ్చారు. 1964 మే 24న మొదటి విమానం అక్కడి నుంచి లేచింది. మూడు రోజులకు నెహ్రూ పోయారు. ఈ సంగతి సీఐఏ పత్రాల ద్వారా లోకానికి తెలిసింది 2013 ఆగస్టులో. ఆర్.కె.పురంలో గూగుల్ మీద ఫిర్యాదు పడిన సంవత్సరంలోనే, అర్ధశతాబ్దం నాటి మన అసలు రహస్యాన్ని అమెరికా విప్పేసింది. 1960 నుంచి 1972 దాకా అమెరికా ‘కరోనా’ గూఢచార ఉపగ్రహాలు తీసిన ఎనిమిది లక్షల పైచిలుకు చిత్రాలను 1995లోనే బయటపెట్టారు. వాటిని ఇప్పుడు పాత చెరువులు ఎక్కడుండేవో చూసుకోవడానికి వాడుతున్నారు.

హైదరాబాద్ కథ అందుకు భిన్నం. 1974లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ పెట్టారు. 1979లో షాద్‌నగర్ దగ్గర అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలను నేరుగా అందుకునే కేంద్రం వచ్చింది. పంటలు, అడవులు, వరదలు దాని పని. 1995లో ఎగిరిన మన ఐఆర్ఎస్-1సీ కెమెరా 5.8 మీటర్ల స్పష్టత ఇచ్చింది. అప్పట్లో ప్రపంచంలోని పౌర ఉపగ్రహాల్లో అదే మేటి. కానీ సొంత ప్రజలకు ఇచ్చేటప్పుడు చెయ్యి వెనక్కి లాగేవాళ్ళం. 2001 విధానం ప్రకారం 5.8 మీటర్ల వరకు అడిగినవాళ్ళకు ఇవ్వొచ్చు, అంతకంటే స్పష్టమైతే వడపోత. 2011లో ఆ హద్దును ఒక మీటరుకు తెచ్చారు. ఈలోగా హద్దు అవతల లోకం మారిపోయింది. 1999లో ఎగిరిన ఐకోనోస్ అనే అమెరికా ప్రైవేటు ఉపగ్రహం ఒక మీటరు చిత్రాలు అమ్మకానికి తెచ్చింది. మరుసటి జనవరిలోనే ఒక అమెరికన్ శాస్త్రవేత్తల సంఘం ఉత్తర కొరియా నోడాంగ్ క్షిపణి కేంద్రం చిత్రం కొని, చెప్పినంత పెద్ద స్థావరమేమీ కాదిది, మట్టి రోడ్లే ఉన్నాయి అని వాషింగ్టన్‌తో వాదానికి దిగింది. డబ్బు కట్టి చిత్రం కొని సర్కారు మాటను కాదనడం ఒక సంఘానికీ సాధ్యమైంది.

1998లో పోఖ్రాన్ అణు పరీక్షల వేళ అమెరికా ఉపగ్రహాల కళ్ళు కప్పడానికి మేజర్ జనరల్ పృథ్వీరాజ్ అనే మారుపేరుతో యూనిఫాం వేసుకుని తిరిగిన అబ్దుల్ కలాం, 2005లో గూగుల్ ఎర్త్ వచ్చేసరికి రాష్ట్రపతి. ఆ అక్టోబరులో హైదరాబాద్‌లోని జాతీయ పోలీస్ అకాడమీకి వచ్చి, ఇలా అందరికీ అన్నీ కనబడితే ఎలా అని పోలీసు అధికారుల ముందు ఆందోళన వెలిబుచ్చారు. దాగుడుమూతల్లో గెలిచినవాడికే తెలుస్తుంది, ఆట ఎక్కడ ఓడిపోతామో. ఆ ఆందోళనే మ్యాపథాన్ ఫిర్యాదు మీదుగా 2016 నాటి ముసాయిదా బిల్లు దాకా నడిచింది. అనుమతి లేకుండా భౌగోళిక సమాచారం సేకరిస్తే 100 కోట్ల దాకా జరిమానా, ఏడేళ్ళ దాకా జైలు అని ఆ బిల్లు అంది. గోల జరిగింది, బిల్లు అటకెక్కింది. ఐదేళ్ళు తిరక్కుండా 2021 ఫిబ్రవరి 15న కేంద్రం పూర్తిగా ప్లేటు ఫిరాయించింది. భారతీయ సంస్థలు పటాలు గీసుకోవడానికి ముందస్తు అనుమతులే అక్కర్లేదంది. సున్నితమైన స్థలాల మీద మాత్రం ఇది ఫలానాది అని పేరు రాయకూడదు. భవనం చూపించవచ్చు, బోర్డు పెట్టకూడదు అన్నమాట.

బోర్డు పెట్టడమే తమ పనిగా పెట్టుకున్నవాళ్ళు అప్పటికే తయారైపోయారు. ఇంగ్లండ్‌లో ఎలియట్ హిగ్గిన్స్ అనే వ్యక్తి ఇంట్లో కూర్చుని సిరియా యుద్ధం వీడియోలు చూస్తూ ఆయుధాలు గుర్తుపట్టేవాడు. 2014 జూలైలో బెల్లింగ్‌క్యాట్ పెట్టాడు. కొద్దిరోజులకే యుక్రెయిన్ మీద మలేసియా విమానం ఎంహెచ్17 కూలి 298 మంది చనిపోయారు. దాన్ని కూల్చిన బక్ క్షిపణి వాహనాన్ని, దారి పొడవునా జనం తీసిన ఫొటోలూ రష్యా సైనికులు సరదాగా పెట్టుకున్న ఫొటోలూ జతచేసి, కుర్స్క్‌లోని 53వ బ్రిగేడ్ దాకా వెనక్కి నడిపించారు. 2018లో అంతర్జాతీయ దర్యాప్తు బృందం కూడా అదే మాట చెప్పింది. మన దగ్గర 2017లో చైనాతో డోక్లాం ప్రతిష్టంభన రోజుల్లో, సైన్యంలో ఉపగ్రహ చిత్రాలు చదివి రిటైరైన కల్నల్ వినాయక్ భట్ పత్రికల్లో ఆ చిత్రాల్ని విప్పి చెప్పడం మొదలుపెట్టారు. సామాన్య పాఠకుడికి ఆ చదువు అప్పుడే పరిచయమైంది.

క్షిపణి వాహనం వెంట పడటం ఒకటి, డ్రోన్ సరఫరాదారు వెంట పడటం మరొకటి. యుద్ధ ట్యాంకు ఒకే దేశపు ముద్రతో పుడుతుంది. డ్రోన్ అలా కాదు. రెక్కలు ఒకచోట, ఇంజను ఒకచోట, కెమెరా ఒక ఖండంలో, చిప్ ఇంకో ఖండంలో. కూలిన డ్రోన్ శకలాల ఫొటో బయటకొచ్చిందంటే పది కంపెనీల వాళ్ళు ఉలిక్కిపడతారు. 2017లో కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్ అనే సంస్థ యెమెన్‌లో పట్టుబడ్డ ఖాసిఫ్-1 డ్రోన్లు విప్పి చూసింది. అక్కడి తిరుగుబాటుదారులైన హౌతీలు అవి తమ సొంత తయారీ అన్నారు. లోపలి గైరోస్కోపు మాత్రం అంతకుముందు ఇరాక్‌లో దొరికిన ఇరాన్ డ్రోన్‌లోని దానికి సోదరుడిలా ఉంది.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ కెనడాది. 2020లో నాగోర్నో-కరబాఖ్ యుద్ధంలో అజర్‌బైజాన్ రోజూ డ్రోన్ దాడి వీడియోలు విడుదల చేసి పండగ చేసుకుంది. ఆ డ్రోన్ తుర్కియే తయారీ బైరక్తార్ టీబీ2. వీడియో తెర అంచుల్లో అంకెలు, గీతలు ఉంటాయి కదా, కెమెరా కోణం, దూరం వగైరా. ఆ అమరిక చూసి కెనడాలోని ప్రాజెక్ట్ ప్లవ్‌షేర్స్ అనే చిన్న శాంతి సంస్థ, ఇది ఒంటారియోలో తయారయ్యే వెస్కామ్ కెమెరా అని చెప్పింది. అక్టోబరు 5న కెనడా ఎగుమతులు ఆపింది. మరుసటి ఏప్రిల్‌లో అనుమతులు రద్దు చేసింది. ఉపగ్రహం అక్కర్లేదు, లీకు అక్కర్లేదు. దాడి చేసినవాడు గర్వంగా చూపించిన బొమ్మ అంచే సరఫరాదారు పేరు చెప్పింది.

ఫ్యాక్టరీ గుట్టు ఎలా రట్టవుతుందో చూడాలంటే రష్యాలోని అలబుగా చూడాలి. టాటర్‌స్తాన్‌లో యెలబుగా పట్టణం దగ్గరున్న ప్రత్యేక ఆర్థిక మండలి అది. 2022 సెప్టెంబరు నుంచి యుక్రెయిన్ నగరాల మీద ఇరాన్ షాహెద్-136 డ్రోన్లు పడటం మొదలైంది. రష్యా వాటికి ‘గెరాన్-2’ అని పేరు మార్చింది. సొంతంగా చేసుకుంటోందన్న అనుమానం. 2023 జూన్‌లో అమెరికా అధ్యక్ష భవనం ఒక ఉపగ్రహ చిత్రం విడుదల చేసి, ఇక్కడే అని వేలు పెట్టి చూపింది. ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ చేతికి లోపలి కాగితాలు వచ్చాయి. 2025 వేసవికల్లా 6,000 డ్రోన్లు లక్ష్యమని వాటిలో ఉంది. అణు కార్యక్రమాల చిత్రాలు చదవడంలో పండిపోయిన డేవిడ్ ఆల్‌బ్రైట్ సంస్థ ఆ కాగితాలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, ఏ షెడ్డులో ఏ పని అన్న వివరం దాకా వెళ్ళింది.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త చెప్పుకోవాలి. ఒక హాలు లోపలి వీడియో దొరికిందనుకోండి. స్తంభాల మధ్య దూరం, పైకప్పు దూలాల వరస, ఏ గోడకు కిటికీలున్నాయి, ఏ గోడకు లేవు అన్నవి లెక్కపెడతారు. కిటికీలోంచి బయట పొగగొట్టమో నీళ్ళ ట్యాంకో కనబడితే సగం పని అయిపోయినట్టే. నీడ పొడవును బట్టి వేళ, నీడ దిశను బట్టి ఉత్తరం ఎటో తేలుతుంది. తర్వాత ఐరోపా సెంటినెల్-2 చిత్రాలు తెరుస్తారు. 2015 నుంచి ఉచితం, ఒక్కో చుక్క పది మీటర్లు. అందులో డ్రోన్ కనబడదు, మనిషి అంతకన్నా కనబడడు. కానీ ఫలానా నెలలో ఖాళీ నేల, తర్వాత పునాది, ఆ తర్వాత తెల్లని కప్పు, పక్కన కొత్త రోడ్డు అని కాలక్రమం తెలుస్తుంది. తారీఖు తేలాక, డబ్బు పెట్టి స్పష్టమైన చిత్రం కొంటారు. అడుగడుగునా మన కరణం గారి పనే, దండకవిలె మాత్రం మారింది.

అయితే అలబుగాలో వీడియోలు ఎక్కడ నుంచి వచ్చాయి? వాళ్ళే పెట్టారు. కార్మికులు కావాలి. కాలేజీ పిల్లల్ని, ఆఫ్రికా దేశాల యువతుల్ని సోషల్ మీడియా ప్రకటనలతో పిలిచారు. హోటల్ పని, చదువు అని చెప్పి సుమారు 200 మంది ఆఫ్రికన్ యువతుల్ని డ్రోన్ల జోడింపులో పెట్టారని 2024 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. 2025 జూలైలో రష్యా సైన్యం వారి జ్వెజ్దా టీవీ ఏకంగా ఫ్యాక్టరీ లోపలికి కెమెరా తీసుకెళ్ళి, నల్లటి గెరాన్లు వరసలు కట్టి నిలబడ్డ దృశ్యాన్ని దేశానికి చూపించింది. ఇక దాచడం మానేసి భయపెట్టడానికి వాడుకున్నారు. మధ్యలో 2024 ఏప్రిల్ 2న, యుక్రెయిన్ నుంచి 1,200 కిలోమీటర్లకు పైగా ఎగిరొచ్చిన ఒక పైలట్ లేని చిన్న విమానం అక్కడ పడింది. పడింది ఫ్యాక్టరీ మీద కాదు, వసతి గృహం మీద. చిరునామా కనుక్కోవడం పత్రికా విజయమే కావచ్చు. ఆ చిరునామాలో పదిహేడేళ్ళ పిల్లలు కూడా నిద్రపోతుంటారన్న సంగతి వెతికేవాళ్ళు మర్చిపోకూడదనుకుంటాను.

ఇక మన ఊరు. 2018 డిసెంబరులో హైదరాబాద్‌లో అదానీ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ కలిసి డ్రోన్ ఫ్యాక్టరీ ప్రారంభించాయి. 50,000 చదరపు అడుగులు. హెర్మీస్ 900 అనే డ్రోన్‌ను ఇజ్రాయెల్ బయట తయారుచేసే మొదటి చోటు అని వాళ్ళే చాటారు. తెలంగాణ మంత్రి వచ్చారు, ఫొటోలు వేశారు. 2024 జనవరి 10న ఇక్కడ తయారైన దృష్టి-10 అనే డ్రోన్‌ను అప్పటి నౌకాదళ అధిపతి అడ్మిరల్ హరికుమార్ జెండా ఊపి పంపారు. 36 గంటలు ఎగరగలదు, 450 కిలోలు మోయగలదు అని కంపెనీ ప్రకటన. ఈ ఫ్యాక్టరీ ఎక్కడుందో కనుక్కోవడానికి ఏ బెల్లింగ్‌క్యాటూ అక్కర్లేదు. మరుసటి నెల అసలు ప్రశ్న వచ్చింది. ఇరవైకి పైగా హెర్మీస్ 900లు ఇక్కడి నుంచి ఇజ్రాయెల్‌కు వెళ్ళాయని షెఫర్డ్ మీడియా అనే రక్షణ రంగ పత్రిక రాసింది. గాజా యుద్ధం నడుస్తున్న రోజులు. ఆయుధ ఎగుమతులు ఆపాలని సుప్రీం కోర్టుకు వెళితే, విదేశాంగ విధానం తమ పరిధి కాదని 2024 సెప్టెంబరు 9న కోర్టు పిటిషన్ కొట్టేసింది. షెడ్డు కప్పు ఉపగ్రహానికి కనిపిస్తుంది. షెడ్డులోంచి బయలుదేరిన పెట్టెకు ఏ దేశం పేరు అంటించారో కనిపించదు. ఇక్కడ గొప్పలు చెప్పుకున్నంత మేరకే మనకు తెలిసింది. గొప్ప ఆగిన చోట సమాచారమూ ఆగింది.

చూపించడం, చూపించకపోవడం ఎవరి చేతిలో ఉంది? 1996లో అమెరికా ఒక చట్టం చేసింది. ఆచరణలో దాని ప్రకారం అమెరికా కంపెనీలు ఇజ్రాయెల్‌ను, గాజాను రెండు మీటర్లకంటే స్పష్టంగా చూపకూడదు. 2020 దాకా అదే నడిచింది. కాబట్టి గూగుల్ ఎర్త్‌లో హైదరాబాద్ సందులో కారు కనిపించేది, గాజాలో ఇల్లు మసకగా ఉండేది. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం యుక్రెయిన్‌కు మాక్సార్ అనే కంపెనీ ఉపగ్రహ చిత్రాల సరఫరా కొన్నాళ్ళు ఆపేసింది. చిత్రాలు అందరివీ అంటాం. కుళాయి మాత్రం ఒకరి పెరట్లో ఉంది.

మన సరిహద్దు మీదకు వచ్చే డ్రోన్ల విషయంలో ఈ విద్య వేరే రూపం తీసుకుంది. 2022 డిసెంబరు 25న అమృత్‌సర్ సెక్టార్‌లో బీఎస్ఎఫ్ ఒక డ్రోన్ కూల్చింది. లోపలి జ్ఞాపకాలు తీసి చూస్తే, అదే ఏడాది జూన్ 11న అది షాంఘై ఫెంగ్‌షియన్ ప్రాంతంలో ఎగిరింది. తర్వాత సెప్టెంబరు, డిసెంబరు మధ్య పాకిస్తాన్ పంజాబ్‌లోని ఖానేవాల్‌లో 28 సార్లు లేచింది. బహుశా ఆ మొదటిది తయారైన చోట ఎగరేసి చూసిందే. యంత్రం తన పుట్టిల్లు తానే చెప్పుకుంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో ఒక్క రాత్రిలో 36 చోట్ల మూడొందల నుంచి నాలుగొందల డ్రోన్లు వచ్చాయని సైన్యం ప్రకటించింది. శకలాలను బట్టి తుర్కియే ఆసిస్‌గార్డ్ సోంగర్ డ్రోన్లని ప్రాథమిక అంచనా అని చెప్పింది. తుర్కియే సరుకు, తుర్కియే టూర్లు బహిష్కరించాలని మన వీధుల్లో వచ్చిన ఊపు అంతా ఆ ముక్కల మీద మొదలైందే. అదే కళ్ళద్దం మన వైపు తిప్పుకుంటే సుఖంగా ఉండదు. మన సైన్యానికి అమ్మిన డ్రోన్లలో చైనా భాగాలున్నాయని తేలి 2025 ఫిబ్రవరిలో 400 డ్రోన్ల ఒప్పందాలు రద్దయ్యాయి. వాటి విలువ 230 కోట్లు.

ఈ విద్యకు అంతా కనిపిస్తుందనుకోవడం పొరపాటు. 2019లో బాలాకోట్ దాడి తర్వాత మదరసా భవనం నిలిచే ఉందని ప్రైవేటు ఉపగ్రహ చిత్రాలతో రాయిటర్స్ రాసింది. కప్పుకు చిల్లి పెట్టి లోపల పేలే బాంబులకు భవనం కూలనక్కర్లేదని ఇటువైపు వాదన. ఒకే చిత్రం, రెండు చదువులు. ఇక యుద్ధం వేళ వచ్చే అబద్ధాల సంగతి చెప్పనే అక్కర్లేదు. సిందూర్ రోజుల్లో ‘ఆర్మా 3’ అనే వీడియో గేమ్ దృశ్యాలు నిజమైన దాడులుగా చలామణీ అయ్యాయి. మన టీవీ స్టూడియోల్లో సైరన్లు మోగించుకుంటూ కూర్చున్నవాళ్ళ కంటే, నీడలు కొలుచుకుంటూ ఆలస్యంగా మాట్లాడినవాళ్ళే ఆ వారంలో మర్యాద నిలుపుకున్నారు.

2025 జూలై 25న రక్షణ మంత్రి ఒక వార్త చెప్పారు. కర్నూలు జిల్లాలోని జాతీయ ప్రయోగ క్షేత్రంలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని డీఆర్‌డీఓ పరీక్షించింది. ఏప్రిల్‌లో అక్కడే డ్రోన్లను కాల్చే 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్నీ చూపించారు. క్షిపణి వదిలిన డ్రోన్ బెంగళూరు కంపెనీది, క్షిపణి తయారీలో హైదరాబాద్ భారత్ డైనమిక్స్ భాగస్వామి, ఇంకొకరు అదానీ. ఇవన్నీ ప్రభుత్వ ప్రకటనలోనే ఉన్నాయి, ఫొటోలతో సహా. అమ్మకానికి సిద్ధమవుతున్న దేశం ఇక చిరునామా దాచుకోదు. నిన్న కొనుగోలుదారుగా గుట్టు కోరుకున్నాం, రేపు వ్యాపారిగా ప్రచారం కోరుకుంటాం. మధ్యలో జరిగే ఎగుమతి ఒక్కదాన్నే చీకట్లో ఉంచుకోగలమా అన్నది ఇప్పుడు ఢిల్లీ ముందున్న ప్రశ్న.

దానికి తొలి పరీక్ష మనం ఊహించని దిక్కు నుంచి వచ్చింది. 2025 ఆగస్టులో ఢిల్లీ పత్రికల్లో ఒక కథనం. యుక్రెయిన్‌లో కూలిన షాహెద్‌ల లోపల భారత్‌లో తయారైనవో, జోడించినవో ఎలక్ట్రానిక్ భాగాలు కనిపించాయనీ, కీవ్ ఆ సంగతి మన విదేశాంగ శాఖ దగ్గర ఎత్తిందనీ. ద్వంద్వ వినియోగ వస్తువుల ఎగుమతి విషయంలో అంతర్జాతీయ నిబంధనలన్నీ పాటిస్తున్నామని మన జవాబు. రెండు మాటలూ నిజం కావచ్చు. గోరంత భాగం ఇక్కడ సక్రమంగా అమ్ముడై, మూడు దేశాల మధ్యవర్తుల చేతులు మారి, అలబుగా బల్ల మీదికి చేరి ఉండవచ్చు. ఆ దారిని ఏ ఉపగ్రహమూ ఫొటో తీయలేదు. ఇన్వాయిస్‌లు, షిప్పింగ్ బిల్లులు, చివరి వాడకందారు సంతకం పెట్టిన ధ్రువపత్రాలు ఉన్నాయి. అవి కస్టమ్స్ వారి కంప్యూటర్లలో ఉన్నాయి, ఎవరికీ తెరిచి లేవు.